వసుధ అకౌంటులో ముప్పై నాలుగు పేర్లు

ఇంగ్లండులోని రీడింగ్ ఊళ్ళో చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లల ఫోన్లలో అమ్మానాన్నల నంబర్ల తర్వాత, పక్క ఊరు బ్రాక్‌నెల్‌లో ఉండే వసుధ నంబరు ఉంటుంది. ఎవరిచ్చారో, ఎవరి నుంచి ఎవరికి పాకిందో ఆమెకే తెలియదు. ‘వసుధ ఆంటీ, బ్రాక్‌నెల్’ అని రాసుకుంటారట. ముప్పై ఎనిమిదేళ్ళకే ఊరందరికీ ఆంటీ అయిపోయినందుకు మొదట్లో కాస్త మూతి ముడుచుకుంది గానీ, ఆ పిలుపూ అలవాటైపోయింది.

తెనాలి మనిషి. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం మీద, భర్త రాజీవ్‌నీ ఏడేళ్ళ కూతురు అపూర్వనీ వెంటబెట్టుకుని నాలుగేళ్ళ క్రితం వచ్చింది. వచ్చిన మొదటి వారంలో ఏం జరిగిందో ముందు చెప్పాలి, తర్వాత కథంతటికీ మూలం అదే. అద్దె ఇల్లు దొరికింది. అడ్వాన్సు ఇక్కడి బ్యాంకు నుంచే పంపాలన్నాడు ఓనరు. ఇక్కడి అడ్రసు చూపిస్తే గానీ అకౌంటు తెరవమంది బ్యాంకు. ఇద్దరూ చాలా మర్యాదగానే చెప్పారు. హోటల్ గదిలో సూట్‌కేసుల మధ్య కూర్చుని వసుధ ఏడుపు ఆపుకుంటుంటే, రీడింగ్‌లో స్థిరపడిన గోపాల్‌రావు అంకుల్ అనే పెద్దాయన నంబరు ఎవరో ఇచ్చారు. ముక్కూ మొహం తెలియని మనిషి, ఫోన్లో సంగతి విని, ఆ ఓనరుకు పన్నెండొందల పౌండ్లు పంపించేశాడు.

“ఆ రూపాయలేవో గుంటూరులో మా అక్కయ్య అకౌంట్లో వేయించమ్మా, సరిపోతుంది. రేపు నీ తర్వాత వచ్చేవాళ్ళకి నువ్వూ ఇలాగే చెయ్యి,” అన్నాడు. పైన ఒక్క పైసా తీసుకోలేదు.

వసుధ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. కొత్తగా దిగిన పిల్ల గది అడ్వాన్సు కట్టాలంటే, ఆ పిల్ల తండ్రి తెనాలిలో వసుధ వాళ్ళమ్మ అకౌంట్లో రూపాయలు వేసేవాడు, ఇక్కడ వసుధ పౌండ్లు పంపేది. కొన్నాళ్ళకు ఇంకో పిల్ల పార్ట్‌టైం డబ్బులు ఇంటికి పంపాలంటే, ఆ పౌండ్లు వసుధకు వేసేది, అక్కడ అమ్మ ఆ రూపాయలను వాళ్ళింటికి పంపించేది. ఇందులో కమిషను లేదు, లాభం లేదు. పైగా అప్పుడప్పుడూ ఒక పూట భోజనం, స్టేషన్ నుంచి కారులో తీసుకురావడం అదనం. రాజీవ్ మాత్రం ఒకసారి, “మనం బ్యాంకు పెట్టుకున్నామా, అన్నసత్రం పెట్టుకున్నామా?” అని వెటకారం చేశాడు. చేస్తూనే వచ్చిన పిల్లకు టీ కలిపి ఇచ్చాడు.

అక్టోబరులో ఓనరు దగ్గర్నుంచి నోటీసు వచ్చింది. ఇల్లు అమ్మేస్తున్నాడట, జనవరి ముప్పై ఒకటికల్లా ఖాళీ చెయ్యాలట. నాలుగేళ్ళలో ఇది మూడో ఇల్లు. అపూర్వకు ప్రతి ఇంటితో పాటూ బడి మారింది. బడి మారిన ప్రతిసారీ ఆ పిల్ల కొన్ని వారాలు అన్నం సరిగ్గా తినదు, అడిగితే ఏమీ లేదంటుంది. ఈసారి వసుధ మొండికేసింది. “కొనేద్దాం. ఇక దీని బడి మారదు,” అంది. అపూర్వను పక్కన కూర్చోబెట్టుకుని, ఇదే ఆఖరుసారి అని మాట కూడా ఇచ్చేసింది. అంత తొందరపడి ఉండకూడదని ఇప్పుడనిపిస్తుంది గానీ, పిల్ల ముఖం చూస్తే ఏ తల్లైనా ఇచ్చేస్తుంది.

బడికి నడిచి వెళ్ళేంత దూరంలో రెండు పడకగదుల ఇల్లు దొరికింది. గుంటూరు శివారులోని స్థలం అమ్మారు, నాలుగేళ్ళ పొదుపు కలిపారు, ఇంటి ధరలో ముందు తాము కట్టాల్సిన డిపాజిట్ సిద్ధమైంది. అమ్మే ఆవిడ వీళ్ళ బేరానికి ఒప్పుకుంది. చిన్న గది కిటికీని అపూర్వ టేపుతో తనే కొలుచుకుని, పసుపు రంగు కర్టెన్లు ఎంచుకుంది. ఇల్లు చేతికి రాకముందే కర్టెన్లు ఇంటికొచ్చేశాయి.

ఇంటి లోన్లు ఇప్పించే అమర్‌నాథ్ రీడింగ్‌లో పేరున్న బ్రోకరు, రాజమండ్రి వాడు. వీసా మీద ఉన్నవాళ్ళకు లోను ఇచ్చే సంస్థలు తక్కువే అయినా, ఒకదాన్ని పట్టుకున్నాడు. జీతం కాగితాలు, వీసా కాగితాలు, స్థలం అమ్మిన కాగితాలు అన్నీ బాగున్నాయన్నాడు. చివర్న ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగాడు. వసుధ గర్వంగానే పంపింది. ఒక్క బిల్లు ఆలస్యం లేదు, ఒక్క రోజు అకౌంటు ఖాళీ కాలేదు.

డిసెంబరు రెండో వారంలో అమర్‌నాథ్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు, ఆ రోజు గొంతు సవరించుకున్నాడు.

“వసుధ గారూ, ఈ సంజన ఎవరండీ? మానస ఎవరు? ఆర్నెల్లలో ముప్పై నలుగురు మీకు డబ్బు వెయ్యడమో మీ దగ్గర తీసుకోడమో చేశారు.”

“మన స్టూడెంట్సేనండీ. కొత్తగా వచ్చినవాళ్ళు. అక్కడ అమ్మకి వేస్తే ఇక్కడ నేను…”

“అయ్యో, ఆ మాట గట్టిగా అనకండి. మీరు చెప్పకుండా ఏదో వ్యాపారం చేస్తున్నారనుకుంటున్నారు లోనిచ్చేవాళ్ళు. ఎవరి సొమ్మో మీ ద్వారా పోతోందని.”

వసుధ రోజూ పరాయివాళ్ళ ఎముకలు చూసి, ఎక్కడ విరిగిందో చెప్పే మనిషి. ఇప్పుడు ఎవరో మొహం తెలియని మనిషి తన అకౌంటును అలాగే వెలుగులో పెట్టి చూశాడు. చూసి, విరగని చోట విరిగిందన్నాడు. ముప్పై నాలుగు పేర్లనూ చూశాడు గానీ, వాళ్ళు స్టేషన్లో చలికి వణుకుతూ నిలబడడం ఆ కాగితంలో ఎక్కడుంటుంది?

“ముందే నన్నో మాట అడిగుంటే ఆర్నెల్లు ఆపించేవాణ్ణి కదండీ,” అన్నాడు అమర్‌నాథ్.

“ఏం ఆపాలండీ? వాళ్ళు రోడ్డు మీదుంటే?”

అమర్‌నాథ్ ఒక దారి ఉందన్నాడు. ఆ ముప్పై నలుగురి దగ్గరా, ఈ డబ్బు దేనికో రాసి సంతకం పెట్టిన ఉత్తరం, పాస్‌పోర్టు కాపీ తేవాలి. నాలుగు వారాల గడువు.

వసుధ డ్యూటీ నుంచి రాగానే ఫోను పట్టుకుని కూర్చునేది. కొందరి నంబర్లు పనిచెయ్యలేదు. చదువైపోయి మానస లీడ్స్ వెళ్ళిందట, ఎవరికీ జాడ తెలియదు. ఇద్దరు ఇండియా వెళ్ళిపోయారు. తొమ్మిదిమంది వెంటనే రాసిచ్చారు. మిగిలినవాళ్ళు “తప్పకుండా ఆంటీ” అన్నారు, ఆ తర్వాత ఫోనెత్తడం మానేశారు. నెత్తీ నోరూ బాదుకున్నా పది ఉత్తరాలు దాటలేదు.

సంజన మీద ఆమెకు గట్టి నమ్మకం. ఆ పిల్ల వచ్చిన కొత్తలో గది దొరికేదాకా మూడు వారాలు వీళ్ళింట్లోనే ఉంది. జ్వరమొస్తే వసుధే జావ కాచి పెట్టింది. ఉత్తరం అడిగితే సంజన గొంతు తగ్గించింది.

“ఆంటీ, స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలే పని చెయ్యాలి కదా మేము. నేను టేక్‌అవే హోటల్లో ఎక్కువ చేశాను. ఆ డబ్బే మీకు వేసింది. నా పేరు మీద సంతకంతో కాగితం వెళ్తే నాకు భయం. నాన్న కూడా వద్దంటున్నారు. ఇంకేదన్నా అడగండి ఆంటీ, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“ఛ, అదేం మాట. వద్దులే, పెట్టకు,” అంది వసుధ.

కోపం రావాల్సిందే. తెచ్చుకుందామని చూసింది కూడా, రాలేదు. ఆ పిల్ల చోట తనున్నా అలాగే వణికేది. లోను వాళ్ళమీద కోప్పడదామంటే, వాళ్ళు ప్రతి ఉత్తరం చివరా ధన్యవాదాలు చెబుతున్నారు. ఎవరిమీద అరవాలో తెలియకపోవడం ఎంత కష్టమో వసుధకు ఆ నెలలో తెలిసింది. వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా పెట్టడం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది.

జనవరి పదిహేడు, శనివారం. పొద్దున అమర్‌నాథ్ చేతులెత్తేశాడు. లోను రాదు. స్టేట్‌మెంట్లలో బయటి పేరు ఒక్కటీ లేకుండా ఆరు నెలలు గడిస్తే ఇంకోచోట ప్రయత్నిద్దామన్నాడు. ఆ గంటలోనే ఇల్లమ్మే ఏజెంటు కూడా ఫోన్ చేసి, అమ్మే ఆవిడ ఇక ఆగలేనంటోందని, వేరేవాళ్ళకు చూపిస్తున్నామని చెప్పాడు. బ్రాక్‌నెల్‌లో అద్దె ఇల్లేదీ వీళ్ళకు అందేలా లేదు. రాజీవ్ బేసింగ్‌స్టోక్‌లో ఒక ఫ్లాట్ చూడ్డానికి రైల్లో వెళ్ళాడు. బేసింగ్‌స్టోక్ అంటే మళ్ళీ కొత్త బడి.

అపూర్వకు వసుధే చెప్పింది. పిల్ల కర్టెన్ల పాకెట్ వైపు ఒకసారి చూసి, “ఇట్స్ ఫైన్, అమ్మా,” అంది. ఏడ్చినా బాగుండేది. అలిగి తలుపు విసిరికొట్టినా బాగుండేది. ఆ పాకెట్‌ను తనే తీసుకెళ్ళి, దుకాణానికి తిరిగి ఇచ్చేయాల్సిన సామానుతో పెట్టింది. వసుధ ఆ పిల్లకిచ్చిన మాట తప్పింది, తప్పిందని ఒప్పుకోవడం తప్ప తన చేతిలో ఏమీ లేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“నమస్తే ఆంటీ, నా పేరు లక్ష్మి. నంద్యాల మాది. సంజనక్క మీ నంబరిచ్చింది. రీడింగ్ స్టేషన్లో ఉన్నా. ఇప్పుడే అడ్వాన్సు పంపితేనే గది ఇస్తామంటున్నారు, నాకేమో ఇంకా అకౌంటు లేదు. మా నాయిన అక్కడ మీ అమ్మగారికి ఇప్పుడే వేస్తాడంట. నాలుగొందలు, ఆంటీ.”

వసుధ కళ్ళు మూసుకుంది. ఆరు నెలలు. బయటి పేరు ఒక్కటీ ఉండకూడదు.

“నా అకౌంటు నుంచి పంపలేనమ్మా,” అంది. నాలుగేళ్ళలో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అమర్‌నాథ్ చెప్పినంత మర్యాదగా, ఆ బ్యాంకు చెప్పినంత మర్యాదగా వచ్చింది.

అటువైపు రైలు ప్రకటన వినిపించింది. తర్వాత, “పర్వాలేదులే ఆంటీ,” అంది ఆ పిల్ల. సరిగ్గా పొద్దున అపూర్వ అన్నట్టే అంది.

వసుధ లేచి కారు తాళాలు తీసుకుంది.

“లోపలే కూర్చో, చలిలో బయటికి రాకు. అరగంటలో వస్తున్నా. మా ఇంటికి వెళ్దాం.”

“అయ్యో, మీకు ఇబ్బంది కదా ఆంటీ? ఎన్ని రోజులుండొచ్చు?”

“ముప్పై ఒకటో తారీఖు దాకా ఉండమ్మా,” అంది వసుధ. “మాకూ అప్పటిదాకానే.”