కోడళ్లను అడగని రిజిస్టరు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను తెనాలి వైపు నుంచి ఈపురుపాలెం ప్రాంతానికి హెల్త్ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. ఇంటింటికీ తిరిగే నర్సుల పని సరిచూడటం, దీర్ఘవ్యాధుల రిజిస్టరు నింపించడం నా బాధ్యత. అందులో ఒక గడి ఉండేది: రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఎవరికైనా ఉందా? ఉందంటే ‘వంశపారంపర్యం’ అని రాసేవాళ్లం.

నేతపని చేసే సుబ్బమ్మగారి ఇంట్లో ఆ గడి నేనే నింపాను. ఆమె మామగారు, భర్త ఉబ్బసంతోనే పోయారు. కొడుకు నాగేశ్వరరావుకూ ఉంది. తండ్రుల పాపానికి మూడు నాలుగు తరాల దాకా శిక్ష ఉంటుందని సండే స్కూలులో విన్నదాన్ని కనుక నాకు అనుమానం రాలేదు. ఆ ఇంటి కోసం ప్రార్థన చేశాను గానీ, మగ్గం గది కిటికీ ఎందుకు మూసి ఉందని అడగలేదు.

కోడలు లక్ష్మికి అయిదో నెల. ఆ గదిలోనే రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టేది. నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, బిడ్డకు కూడా వస్తుందా అని నెమ్మదిగా అడిగింది. అడుగుతుండగానే దగ్గు తెర వచ్చింది, ఊపిరిలో పిల్లికూతలు వినిపించాయి. ఆమె ఆ వంశంలో పుట్టలేదు. కొలకలూరు పిల్ల. పుట్టింట్లో ఎన్నడూ ఆయాసం ఎరగనంది.

బాపట్లలో నెలవారీ సమావేశం అయ్యాక మా మెడికల్ ఆఫీసరుగారిని అడిగాను. జన్యువులు పుట్టుకతో వచ్చేవే, కానీ వాటిలో ఏది ఎంత పనిచేయాలన్నది పీల్చే దుమ్ము, పొగ, తిండి, నిద్ర, దిగులు కూడా కొంత తేలుస్తాయన్నారు. జన్యువు మారకుండానే దాని మీద గుర్తులు పడతాయట. అవి కడుపులోని బిడ్డ దాకా ఎంతవరకు వెళ్తాయో ఇంకా పరిశోధిస్తున్నారని, పరీక్ష లేకుండా ఆ ఇంటి గురించి ఏదీ తేల్చి రాయవద్దని హెచ్చరించారు. మందు మానకుండా గాలి మార్చి చూడమన్నారు.

వారం తర్వాత ఇదంతా వాళ్లింట్లో చెప్పాను. నాగేశ్వరరావు మగ్గం ఆపి, పైన వేలాడే, చీర డిజైను చిల్లులుగా కొట్టిన జకార్డు అట్టల వైపు చూశాడు.

“అంటే ఇట్టాగా అండి? పువ్వు అట్టలో ఉంటది. కాలు తొక్కకపోతే చీర మీదకి రాదు.”

వారంగా నేను వెతుకుతున్న మాట అదే.

మూసిన గదిలో నూలు దుమ్ము పీల్చకుండా రాట్నం వరండాలోకి మార్చమన్నాను. సుబ్బమ్మగారికి కోపం వచ్చింది.

“పొడిగాలి తగిలితే నూలు పుటుక్కున తెగుద్ది నర్సమ్మగారూ. మీ దేవుడొచ్చి ముడేస్తాడా?”

“మగ్గం కిటికీ మీ ఇష్టమండి. కండెలు చుట్టడానికి బయటైతే ఏంటి?” అన్నాను. “మీరూ ఈ ఇంటికి కోడలిగా వచ్చినవారేగా. మీకు రాలేదా?”

ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎందుకు రాలేదు? తెల్లారగట్ల పట్టేసుద్ది. ఇంతవరకూ ఎవరడిగారు?”

కొడుకూ కోడలూ ఆమె వైపే చూశారు. వాళ్లకూ తెలియదు. ఆమె లేచి, రాట్నం తానే ఈడ్చుకెళ్లి వరండాలో పెట్టింది.

లక్ష్మి ఆయాసం కొంత తగ్గింది. సుబ్బమ్మగారికి మందు మొదలుపెట్టించాం గానీ అప్పటికే ఆలస్యమైంది, పూర్తిగా తగ్గలేదు. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఉబ్బసం వస్తుందో రాదో నేను రిటైరయ్యే నాటికి తెలియదు. చుట్టూ ఉన్నదాన్ని ఆలకించేలా శరీరాన్ని నిర్మించినందుకు దేవుణ్ణి స్తుతించాను. అది ఏం ఆలకిస్తోందో కనుక్కోవడం నా ఉద్యోగమని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నా కింది నర్సులకు ఒక నియమం పెట్టాను. ‘వంశపారంపర్యం’ అని రాసే ముందు ఆ ఇంటి కోడళ్లందరినీ అడగాలి, అత్తగారితో సహా.