లెక్కకు ముందు బొమ్మ

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక అక్క చేసిన ఆఖరి పని, ఇరవై ఆరేళ్లుగా రోజూ చేస్తున్నదే. బోర్డు తుడిచి, పిల్లలు మళ్లీ వచ్చినప్పుడు చెయ్యాల్సిన లెక్క ఒకటి రాసింది. కింద జవాబుకు జానెడు, బొమ్మకు బారెడు చోటు వదిలింది.

గుమ్మంలో సంచీతో నిలబడ్డ చెల్లెలు ఉండబట్టలేక అడిగేసింది. “సోమవారం నుంచి ఈ క్లాసు నీది కాదు కదక్కా. ఇంకా ఎందుకే రాయడం?”

“చెయ్యి ఊరుకోదు. నచ్చకపోతే తుడిచెయ్.”

ఆదివారం తెల్లవారుజామున అక్క నిద్రలోనే పోయింది.

ఇద్దరూ ఒకే బళ్లో, పక్కపక్క గదుల్లో, మూడో తరగతి రెండు సెక్షన్లకు లెక్కలు చెప్పేవాళ్లు. అక్క గదిలో లెక్క చదవగానే పెన్సిలు పట్టకూడదు. ముందు కథలా చెప్పాలి, తర్వాత బొమ్మ గియ్యాలి, కూడికో తీసివేతో ఆ తర్వాత. చెల్లెలు గదిలో అంత తీరిక లేదు. లెక్కలో ‘ఎక్కువ’ అని ఉంటే కూడు, ‘మిగిలింది’ అని ఉంటే తీసెయ్.

“నీ పిల్లలు ఒక్క లెక్క తేల్చేలోపు నావాళ్లు పది దంచేస్తారక్కా.”

“దంచుతారులే. అన్న దగ్గర ఎనిమిది గోలీలు, చెల్లి కంటే మూడు ఎక్కువ అని చెప్పి చూడు. చెల్లికి పదకొండు కట్టబెట్టి వస్తారు.”

చెల్లెలు ఆ లెక్క ఇచ్చి చూసింది. అందరూ పదకొండే రాశారు. ఆ సంగతి అక్కకు చెప్పలేదు.

అర్ధసంవత్సర పరీక్షలో ఎనిమిది లెక్కలిచ్చారు. అక్క పిల్లలు నాలుగో అయిదో చేశారు. చేసినవన్నీ ఒప్పే. మిగతా చోటంతా ఖాళీ. హెడ్మాస్టరు పేపర్లు ముందుకు తోసి, “మేడం, మీ పద్ధతి తప్పని నేననడం లేదు, మార్కులంటున్నాయి,” అన్నాడు. రెండు సెక్షన్లూ చెల్లెలికి ఇచ్చాడు. అక్కకు ఒకటో తరగతి, అక్షరాలు దిద్దించడం.

అక్క ఒక్కటే అడిగింది. “ఈ ఏడాది పూర్తయ్యేదాకా ఉంచండి సార్. ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది వాళ్లకి.” ఆయన గోడ మీద టైంటేబులు చూస్తూ కూర్చున్నాడు. చెల్లెలు పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. తను కాదంటే ఎవరో బయటివాళ్లకిస్తారని తనకు తానే సర్దిచెప్పుకుంది.

అక్క కర్మకాండలన్నీ అయ్యాక, పదహారో రోజున చెల్లెలు అక్క క్లాసు గదిలోకి వెళ్లింది. బోర్డు ఎవరో తుడిచేశారు. ఏం చెప్పాలో తోచక, పరీక్ష పేపర్లు పిల్లలకు పంచసాగింది. ఒక పేపరు కిటికీ వెలుగులోకి వచ్చింది. ఖాళీ అనుకున్న చోట చెరిపేసిన పెన్సిలు గీతల నొక్కులు. చిన్న చిన్న గోలీలు, బస్సు, బస్సులో తలకాయలు. ఇంకో పేపరు ఎత్తి చూసింది. దాంట్లోనూ అంతే.

“ఇవన్నీ ఎందుకు చెరిపావమ్మా?” అని ముందు బెంచీ పిల్లను అడిగింది.

“పరీక్ష రోజు మా గదికి మీరే కదా వచ్చారు టీచర్. పేపరు నీటుగా ఉండాలి, పిచ్చిగీతలుంటే మార్కులు పోతాయన్నారు. అందరం చెరుపుతూ ఉన్నాం. జవాబులు రాసేలోపు బెల్లు కొట్టేశారు.”