పుక్కిట్లో ఎక్కాలు

ఆళ్లగడ్డలో నేను ఐదో తరగతి దాకా చదివిన బడిలో చదువంటే అరవడమే. ఎక్కాలు, నెలలు, తిథులు అన్నీ అందరం కలిసి రాగం తీసి పాడేవాళ్లం. అందరికంటే నా గొంతే పెద్దది. మా నాయన చేను నుంచి వస్తూ బడి ముందు బండి ఆపి మరీ వినేవాడు. "విన్యావాప్పా, మా పాప గొంతు!" అని దారిన పోయేవాళ్లకు చెప్పుకునేవాడు. ఆయన దృష్టిలో చదువు రావడమంటే అదే.

ఐదు పూర్తయ్యాక ఫస్టు ఫారం చదివించడానికి నన్ను నంద్యాలలో చిన్నమ్మ ఇంట్లో వదిలాడు. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, చిన్నపిల్లల బడిలో టీచరు. ఎవరేం అడిగినా వాళ్ల మాట పూర్తయ్యేలోగా తానే జవాబు చెప్పేసే మనిషి. "మీ చిన్నమ్మ నోరు నిద్రలో అయినా మూతబడతాదా?" అని నాయన ఎగతాళి చేసేవాడు.

కొత్త బడిలో అంతా కాగితం మీదే. మొదటి లెక్కల పరీక్షలో ఏడెనిమిదులు ఎంతో కావాల్సి వచ్చింది. నడిమధ్యన అడిగితే నాకు రాదు. 'ఏడొకట్ల ఏడు' దగ్గర మొదలుపెట్టి పాడుకుంటూ వస్తేనే అక్కడికి చేరతాను. పాడాను. గట్టిగానే పాడాను. పక్కవాళ్లకు జవాబులు అందిస్తున్నానని టీచరు నన్ను బయట నిలబెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చిన ఎక్కం చెప్తే శిక్షా! ఇదేం బడి!

మరుసటి పరీక్షలోనూ అదే జరిగింది. సంగతి ఆళ్లగడ్డకు చేరింది. "దానికి చదువు అబ్బేట్టు లేదంట. కందులు ఇల్లు చేరినాక వచ్చి పిల్చుకపోతా. ఎనుములు కాసుకోనీ" అని నాయన కబురు పంపాడు. గేదెలంటే నాకేం భయం లేదు. అప్పుడప్పుడే పట్టుబడుతున్న ఇంగ్లీషు అక్కడితో ఆగిపోతుందనే ఏడుపు.

"ఏడిస్తే ఎక్కమొస్తాదా? లెయ్" అని చిన్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "పుక్కిట పట్టు. మింగకూడదు, ఉమ్మకూడదు. ఇప్పుడు ఏడో ఎక్కం అనుకో. నేనడిగింది పలకమీద రాయి."

నోరు ఊరుకుంటుందా? మొదటిసారే నీళ్లన్నీ ఆమె చీరమీద పడ్డాయి. "ఏందే ఇది, ఎక్కమడిగితే స్నానం చేపిస్తాండావ్!" అని పడీపడీ నవ్వింది తప్ప ఒక్క దెబ్బ వేయలేదు. ఇల్లు ఊడుస్తున్నా, బియ్యం ఏరుతున్నా నా బుగ్గలు ఉబ్బే ఉండేవి. ఎక్కం మొదటి నుంచి అడగదు. ఒకసారి చివర, ఒకసారి మధ్యలో. మా పాత బడిని ఒక్క మాట అననివ్వలేదు. "మీ అయ్యవారు గట్టిగా నేర్పినాడమ్మే. గొంతులో ఉండేదాన్ని తలకాయలోకి ఎక్కించాల, అంతే" అనేది. అంత ఓపిక, అంత మర్యాద నేను మళ్లీ ఏ టీచరులోనూ చూడలేదు.

కొన్నాళ్లకు నీళ్లు లేకుండానే నోరు మెదపకుండా లెక్కలు చేయగలిగాను. పరీక్ష కూడా నెగ్గాను. ఆ వారమే నాయన వచ్చాడు. నేను ఓ మూల కూర్చుని చప్పుడు లేకుండా చదువుకోవడం చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"గొంతే వినపడదే! మూగదైపాయనే పిల్ల! పెట్టె సర్దుకో పాపా, బస్సుకు టైమైతాంది."

చిన్నమ్మ పరీక్ష కాగితం చూపించింది. "కాగితం సంగతి నాకేం తెలుస్తాది?" అని ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు. చిన్నమ్మ మాట్లాడకుండా వంటింట్లోకి పోయి, వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

పెట్టె తెచ్చి గడపలో పెట్టాను. నాయనకే మనసొప్పలేదేమో, "సరే, ఇది చెప్పు. ఎనిమిది బండ్లు. బండికి పదిహేడు మూటలు. ఎన్నాయ?" అన్నాడు. నేను నోరు మూసుకుని తలకాయలో వెతుక్కుంటున్నాను. నాయన చిన్నమ్మ వైపు చూశాడు, ఎట్లా అందిస్తుందో చూద్దామని. ఆమె పలకలేదు.

"నూట ముప్పై ఆరు నాయనా."

ఆయన పెదవులు ఇంకా పదిహేడో ఎక్కం పాడుకుంటూనే ఉన్నాయి. చివరికి ఆగాయి. "ఎక్కం యాడ పాడితివే నువ్వు?"

"తలకాయలో."

నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. తర్వాత వంగి, పెట్టెను తానే ఎత్తి లోపల పెట్టాడు. "ఈన్నే ఉండు" అని తలపాగా చుట్టుకున్నాడు.

చిన్నమ్మ ఒక్క ఉరుకున దొడ్లోకి పరిగెత్తింది. వెళ్లి చూస్తే, పుక్కిట పట్టిన నీళ్లు జలదారి కాలవలో ఉమ్మేసి రొప్పుతోంది.

"యాడ అందిస్తానో అని భయమేసిందే!" అంటూ మూతీ కళ్లూ ఒకే కొంగుతో తుడుచుకుంది.