పడమటి చెరువు అంకె

2019 వేసవిలో అమలాపురం దగ్గర ఒక రొయ్యల కంపెనీలో సిస్టమ్స్ మేనేజరుగా చేరేను. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి ఉద్యోగం. పదకొండు చెరువులు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చెరువు చూసే మనిషి రోజూ తెల్లారేసరికి మీటరుతో కొలిచి ఫోన్లో ఎక్కించాలి. అది పడిపోతే పంట మొత్తం పోతుంది.

ఆ అంకెల్ని పైథాన్‌లో రాసిన ప్రోగ్రాము అందుకుని కాష్‌లో, అంటే చప్పున తీసుకోడానికి ఉంచే తాత్కాలిక గూట్లో, పెడుతుంది. ఆఫీసు తెరమీద చూపించేది పాత పీహెచ్‌పీ ప్రోగ్రాము. రెండూ వేరు భాషలు గనక, పీహెచ్‌పీ విప్పగలిగేలా మూట కట్టి పెట్టమని మా ప్రోగ్రామర్లకి చెప్పేను.

కొత్త ఏర్పాటు మొదలైందగ్గర్నుంచి పడమటి చెరువు అంకె 5.2 దగ్గరే ఉండిపోయింది. మిగతా పదీ మారుతున్నాయి. ఇంకేం, ఆ చెరువు చూసే సత్తిబాబు గట్టెక్కకుండా మంచం మీంచే రోజూ అదే అంకె కొట్టేస్తున్నాడని తేల్చేసేను. పిలిచి అడిగితే, “ఆయ్, రోజూ కొలుస్తున్నానండీ” అన్నాడు. ఆ వినయం చూస్తే నాకు అనుమానం ఇంకా ముదిరింది. ఫోన్లో పంపిన అంకెలు చూపించబోతే, ఇప్పుడు దిద్దుకొచ్చుంటావులే అన్నాను. ఛీ, ఆ మాట ఎలా అన్నానో! దొంగ అంకెలని రిపోర్టు రాసేను. ఎం.డి. గారు మర్నాడే అతన్ని తీసేసేరు.

అతని స్థానంలో వచ్చిన మనిషి అంకె కూడా 5.2 దగ్గరే ఆగింది. అప్పుడు విప్పి చూసేను ఆ మూటని.

మూటలో ప్రతి పేరుకీ ముందు దాని పొడుగు రాయాలి. పీహెచ్‌పీ ఆ పొడుగుని బైట్లలో, అంటే కంప్యూటర్లో అక్షరం పట్టే చోటుని బట్టి, కొలుస్తుంది. మావాళ్ళు పైథాన్‌లో అక్షరాలు లెక్కపెట్టి రాసేరు. ఇంగ్లీషులో అక్షరానికి ఒక బైటే గనక తేడా తెలీలేదు. తెలుగులో అక్షరానికి మూడు, గుణింతానికి మరో మూడు. చెరువు పేరు తెలుగులో ఎక్కించింది సత్తిబాబు ఒక్కడే. కొత్తమనిషి అంకెలు కూడా ఆ పేరు మీదే వెళ్ళేయి. పొడుగు కుదరక మూట విప్పుకోకపోతే తెర ఖాళీగా ఉంచకుండా ఆఖరుసారి అందిన పాత అంకె చూపించమన్నది నేనే.

రిపోర్టు వెనక్కి తీసుకుని, కొత్తపేటలో సత్తిబాబు ఇంటికెళ్ళి మళ్ళీ రమ్మన్నాను. వేరేచోట కుదిరిపోయేనండీ అన్నాడు. “మీరొక్కసారి నాతో గట్టు మీదికొచ్చి మీటరు ముంచుంటే సరిపోయేదండీ.”

రెండు భాషల మధ్య సరుకు చేతులు మారేచోట ముందు తెలుగు పేర్లతోనే పరీక్ష పెట్టాలని నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా. పడమటి చెరువు నా కుర్చీకి పది నిమిషాల దూరం. ఆ రిపోర్టు రాయడానికి అంతకన్నా ఎక్కువసేపే పట్టింది.