వెనక సీటు కిటికీ

మా పక్కింటాయన కారు లాక్ చేశాక, వెనక సీటు కిటికీకి రెండు చేతులూ అడ్డుపెట్టి లోపలికి తొంగి చూస్తాడు. లోపల ఏమీ ఉండదు. అయినా చూడందే కదలడు.

మూడేళ్ల కిందట జూలై మండుటెండలో కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్‌కి వచ్చి నాకు ఎదురుపడ్డాడు. నేను పేపర్లో పనిచేసిన రోజుల కబుర్లు మొదలుపెట్టాను.

"అన్నా, కార్‌లో కుక్క ఉంది. వెళ్లాలి."

"అద్దాలు కాస్త దించే వచ్చుంటావుగా. టీ తాగి వెళ్దువుగానీ."

పెద్దవాణ్ని కాదనలేక ఆగాడు. మేం బయటికొచ్చేసరికి పోలీసులు కారు అద్దం పగలగొట్టేశారు. కుక్క బతకలేదు.

ఆలస్యం ఎందుకైందని కోర్టులో అడిగితే, తప్పంతా తనదేనన్నాడట. నా మాట ఎత్తలేదు. నేనూ వెళ్లి చెప్పలేదు. వార్తలో ఏ బాధ్యుడి పేరూ తప్పిపోకూడదని కుర్ర విలేకరులకు ముప్పై ఏళ్లు నేర్పినవాణ్ని.

జంతువులను హింసించి శిక్షపడ్డవాళ్ల జాబితా ఇక్కడ అమెరికాలో మా కౌంటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. అందులో ఇప్పుడు అతని ఫొటో, పేరు ఉన్నాయి. అది చూసి, కుక్కల్ని దత్తతిచ్చే షెల్టర్ వాళ్లు ఆ ఇంటికి మరో కుక్కను ఇచ్చేది లేదన్నారు.

మొన్న వాళ్ల పాప మా గుమ్మంలో నిలబడి అడిగింది. "అంకుల్, మీ నేమ్‌తో మాకు డాగ్ తెస్తారా? మీరు ఆ లిస్ట్‌లో లేరు కదా?"

"అంకుల్‌ని ఇబ్బంది పెట్టకు నాన్నా" అంటూ అతను వెనకనుంచి వచ్చి పాప చెయ్యి పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

పాప మాత్రం జవాబు కోసం చూస్తూనే ఉంది.

"లేనమ్మా" అన్నాను.