పెద్దమ్మ కట్టిన పేలికలు

నా చిన్నప్పుడు, కందులు ఇళ్లకు చేరిన రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున. తాండూరు పక్క పల్లెలో మా వాకిట్లో ఉన్నవాళ్లు: మా నాయనమ్మ, మా పెద్దమ్మ, పక్కింటి అక్క, నేను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. డైరీ రాసే అలవాటు ఇంకా రాలేదు, అయినా ఈ జాబితాలో తప్పు ఉండదు.

నాయనమ్మ, అక్క ఇసుర్రాయికి అటూ ఇటూ కూర్చుని పప్పు విసురుతున్నారు. పెద్దమ్మ గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. ఆమెకు వేళ్ల కీళ్లు నొప్పి. పొద్దున మరీ ఎక్కువ. వాపు పెద్దగా కనిపించేది కాదు కనుక ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు.

“పని అనంగనే నీకు కీళ్లు యాదికొస్తయ్. మొన్న పెండ్లిల బువ్వ తినేటప్పుడు ఏడవొయినయ్ ఈ నొప్పులు?” అంది నాయనమ్మ.

“బువ్వ మెత్తగుంటది గద అత్తమ్మా” అంది పెద్దమ్మ.

పక్కింటి అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వుకు నాకు హుషారొచ్చింది. వేళ్లు కొంకర్లు తిప్పుకుని, “అవ్వో, నా ఏళ్లు!” అని మూలుగుతూ వాకిలంతా తిరిగాను. నాయనమ్మ కూడా నవ్వింది.

పెద్దమ్మ కోప్పడలేదు. “జర ఇటు రా కొడుకా, ఒక ఆట చూపిస్త” అని పిలిచింది. పాత చీర పేలికలు తెచ్చి, నా కుడిచేతి వేళ్లు మడతపడే చోట లోపలివైపు ఒక్కొక్క కంది గింజ పెట్టి చుట్టింది. ముడి తన వేళ్లతో బిగియక పళ్లతో లాగింది. తర్వాత నా ముందు జొన్నరొట్టె పెట్టి తినమంది. తుంపబోతే ప్రతి వేలిలోనూ గింజ దిగింది. ఎడమ చేతిని సాయం తెచ్చుకుంటే ఆమె పట్టుకుంది.

“దొంగ నాటకాలు జెయ్యకు. మంచిగనే ఉన్నయ్ గద నీ ఏళ్లు” అంది, అచ్చం నాయనమ్మ గొంతుతో. అక్క మళ్లీ నవ్వింది, ఈసారి నన్ను చూసి. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు పెద్దమ్మ పేలికలు విప్పి, ఎర్రబడ్డ గుర్తుల మీద చాలాసేపు నిమిరింది. “నీది ఇప్పితే పోయింది. నాకేమో ముడి ఏడుందో కనవడ్తలేదు. నొస్తుందని ఎవలన్న జెప్తే నమ్ము కొడుకా, గంతే” అంది.

ఆమెది ఏ జబ్బో తెలుసుకోవడానికి చివరిదాకా ఎవరూ డాక్టరుకు చూపించలేదు. వాతం అన్నారు, వంకాయ మాన్పించారు, అంతే.

ఆ పాఠం నాకు జీవితమంతా గుర్తుంది. గుర్తుండటం వేరు, అవసరమైన రోజున వాడటం వేరు అని నాకు అరవై దాటాక తెలిసింది. నేను రిటైరై తాండూరులో ఉంటున్న రోజుల్లో మా ఇంటామె, పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోవడం లేదని చెప్పసాగింది. వేళ్లు చూశాను, బాగానే ఉన్నాయి. పది దాటితే అన్ని పనులూ చేసుకునేది. నాకు అనుమానం వచ్చి డైరీలో రాయడం మొదలుపెట్టాను. ‘ఉదయం ఆరు: చేతులు నొప్పి అంది. పదకొండు: చెల్లెలు వచ్చింది, నవ్వుతూ మాట్లాడుకున్నారు.’ అలా నాలుగేళ్లు రాశాను. ఆమె మరీ బాధపడితే మెడికల్ షాపు గోళీ ఒకటి తెచ్చిచ్చేవాణ్ని. సాకులు చెబుతోందని రుజువు చేయడానికే ఆ రాతలన్నీ.

నీరసం ఎక్కువై ఆమె అన్నం కూడా మానేశాక, రైల్లో వికారాబాద్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాను. ఆయన రక్తపరీక్షలు చేయించి, హెపటైటిస్ సి అన్నాడు. రెండో కాన్పులో రక్తం ఎక్కించారు, అప్పుడు వచ్చి ఉండవచ్చట. కాలేయంలో ఉండే ఆ వైరస్ కొందరికి కీళ్ల నొప్పులు కూడా తెస్తుందని నేను వినడం అదే మొదటిసారి. మాత్రలతో వైరస్ పోతుందన్నాడు. కానీ కాలేయం అప్పటికే గట్టిపడింది, అది పూర్వంలా కాకపోవచ్చన్నాడు.

ఎప్పటినుంచి నొప్పులని అడిగితే నేను డైరీలు ముందు పెట్టాను. ఆయన చాలా పేజీలు తిప్పి చూశాడు.

“ఇంత మంచిగ రాసుకున్నరు. మరి నాలుగేండ్ల కిందనే ఎందుకు తీస్కరాలేదు సార్?”

నేను డైరీలు తీసి సంచిలో సర్దసాగాను. మా ఇంటామే చెప్పింది: “ఆయన రాసుడు అయిపోయేదాక ఆగినం సారూ.”

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆమె కన్నా ముందు లేచి చాయ్ పెట్టాను. పెళ్లయ్యాక అదే మొదటిసారి. గ్లాసు అందిస్తూ, “చేతులు నొస్తున్నయా?” అని అడిగాను. నాలుగేళ్లలో ఆ ప్రశ్న నేను ఒక్కసారైనా అడిగినట్టు డైరీల్లో ఎక్కడా లేదు.

ఆమె గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంది, వేళ్లు వంచకుండా. నా ముఖం వైపు చూడకుండా, “ఏం లేదు, మంచిగనే ఉన్నయ్” అంది.

చెప్పినన్నాళ్లూ నేను నమ్మలేదు. అడిగేసరికి ఆమె చెప్పడం మానేసింది. ఆ ‘ఏం లేదు’ను నేను ఇప్పటికీ మోస్తున్నాను.