పెట్రోనెలా చేతులు

మా క్రాకోవ్‌లో చదువుకున్నవాళ్ళకేం కొదవ లేదు. వాళ్ళకు ఇంత వండి పెట్టినవాళ్ళ పేర్లే ఎవరికీ గుర్తుండవు. అందుకే పెట్రోనెలా గురించి చెబుతున్నాను. ఆమె ప్రొఫెసర్ హీరోనిమ్ గారింట్లో వంటమనిషి. ఆయన జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరింది, ఆ జుట్టు నెరిసి రాలిపోయేదాకా ఉంది. చివర్లో చేతులు వణికి ఆయన చెంచా పట్టలేకపోతే, బార్లీ జావ తనే తినిపించేది.

విశ్వవిద్యాలయం హాల్లో పెట్టడానికి ఆయన చిత్తరువు వేసే పని మా ఆయన ఒనుఫ్రీకి వచ్చింది. రంగులు నూరేది నేను. ముఖం పూర్తయింది, చేతులు మిగిలాయి. ఇంతలో ప్రొఫెసర్ పోయారు. ఖననం కాగానే ఆయన తమ్ముడి కొడుకు కాయెతాన్ వచ్చి, పెట్రోనెలా నడుముకున్న తాళాలగుత్తి లాక్కుని, ఆమెను వీధిలోకి గెంటి తలుపేసుకున్నాడు.

పాపం ఎక్కడికి పోతుంది? మా పొయ్యి పక్కనే గడ్డిపరుపు వేశాను. ఒకరోజు మా ఆయన, బొమ్మ కోసం ప్రొఫెసర్ గారు మా ఇంట్లో ఉంచిన విశ్వవిద్యాలయం గౌను ఆమెకు తొడిగి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"కదలకు పెట్రోనెలా. చేతులు ఆ పుస్తకం మీద పెట్టు."

"నాకు చదువు రాదు కదయ్యా."

"చేతులకు చదువెందుకు?"

"ఇంకా నయం, గుండు కూడా చేయించుకోమన్నారు కాదు," అన్నాను నేను.

ప్రొఫెసర్ గారు పోయాక పెట్రోనెలా నవ్వడం అప్పుడే చూశాను. కణుపులు ఉబ్బిన ఆ చేతులు బొమ్మలో అచ్చంగా దిగాయి. "ఇంట్లోంచి గెంటితేనేం తల్లీ, అయ్యగారి దగ్గర నా చేతులైనా ఉంటాయి," అంది. ఆమెకు మిగిలిన ఆశ అదొక్కటే.

ఆమె బట్టలు జాడించడానికి ఏటికి వెళ్ళినప్పుడు కాయెతాన్ బొమ్మ చూడ్డానికి వచ్చాడు. "మా పెదనాన్న చేతులేంటయ్యా, అంట్లు తోమినట్టున్నాయి?" అంటూ తనే కుర్చీలో కూర్చుని చేతులు చాపాడు. ఉంగరంతో సహా వేయమన్నాడు. మా ఆయన పాత చేతుల మీదే కొత్తవి వేసేశాడు.

"మీకు సిగ్గుగా లేదూ?" అన్నాను.

"సిగ్గుపడితే పొయ్యిలోకి కట్టెలొస్తాయా?" అన్నాడు.

పెట్రోనెలా ఏటినుంచి వచ్చేసరికి బొమ్మను విశ్వవిద్యాలయానికి మోయించుకుపోయారు. ఆ హాల్లోకి ఆడవాళ్ళను రానిచ్చింది ప్రొఫెసర్ గారి సంస్మరణ రోజు మాత్రమే. జరిగింది ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. "కాళ్ళ నొప్పులతో ఎందుకులే, ఇంట్లో ఉండు," అన్నాను. వినలేదు. ఉతికిన తలగుడ్డ కట్టుకుని నాకంటే ముందు బయల్దేరింది.

బొమ్మలో ముఖం చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత చూపు కిందికి దిగి ఉంగరం దగ్గర ఆగిపోయింది. తాళాలు లాక్కున్నప్పుడు ఆమె వేలు చీరుకుపోయింది ఆ ఉంగరం తగిలే.

"చూడు తల్లీ, ఇప్పుడు నన్ను గెంటింది అయ్యగారే అయినట్టుంది," అంది.

ఆ తర్వాత ఆమె అయ్యగారి పేరెత్తలేదు. చలికాలం దాటకుండానే పోయింది. బిగుసుకుపోయిన ఆ చేతులకు జపమాల చుట్టింది నేనే. మా ఆయన వాటిని చూడాలని గుమ్మంలోకి వస్తే, పొమ్మన్నాను.